ఉండవల్లి గుహలు సమాధులా? మన దగ్గర ఆదిమ మానవుల సమాధులు, వాళ్ళ ఊళ్ళు ఎక్కడ చూడొచ్చు?

అడిగినవారు తాడేపల్లిలో ఉంటారట. తొమ్మిదో తరగతి చదివే బాబుకి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు: "రాతిలో తొలిచిన పురాతన సమాధులు, అవి చేసినవాళ్ళ నివాసాలు". ఉండవల్లి ఎలాగూ పక్కనే ఉంది కదా, దాని గురించి రాసేస్తే చాలదా, లేకపోతే విజయవాడ, గుంటూరు నుంచి ఒక్క రోజులో వెళ్ళి చూసి రాగలిగిన చోటు ఏదైనా ఉందా అని ప్రశ్న.

ఉండవల్లి మాత్రం రాయకండి. టీచరు సరిగ్గా చూస్తే మార్కులు పోతాయి. అది కొండను తొలిచి చేసిన నాలుగంతస్తుల గుహాలయం. విష్ణుకుండినుల కాలం నాటిదంటారు, అంతకుముందు అక్కడ సన్యాసులు ఉండేవారని కూడా అంటారు. ఏ లెక్కన చూసినా అది బతికున్నవాళ్ళు తలదాచుకోవడానికి, దేవుణ్ణి కొలవడానికి తొలిచినదే. లోపల పడుకుని ఉన్నది అనంతపద్మనాభస్వామి. మా చిన్నప్పుడు మా బ్యాచ్‌లో ఒకడు ఆ పెద్ద విగ్రహాన్ని చూసి "ఎవరో రాజుగార్ని ఇక్కడే పాతిపెట్టారంట రా" అని ఘంటాపథంగా చెప్పాడు, మేమంతా నమ్మాం. మీ బాబు తప్పు కాదు, ఆ అనుమానం పాతదే. మొగల్రాజపురం గుహలు, అక్కన్న మాదన్న గుహలు కూడా అంతే, గుళ్ళే తప్ప సమాధులు కావు.

అచ్చంగా రాతిలో తొలిచిన సమాధి కావాలంటే కేరళ వెళ్ళాలి. అంత దూరమా అనుకోకండి. మన గుంటూరు నుంచి ఏటా మాల వేసుకుని అటు వెళ్ళేవాళ్ళు ఎంతమంది లేరు! నేను చూసింది కూడా అలాగే.

నాలుగేళ్ళ కిందట శబరిమల దర్శనం అయ్యాక తిరుగు ప్రయాణంలో మా బస్సు గురువాయూర్‌లో ఆగింది. మధ్యాహ్నం గుడి తలుపులు వేశారు, మళ్ళీ సాయంత్రమే తీస్తారు. మిగతా స్వాములు సత్రంలో నడుం వాల్చారు. దగ్గర్లోనే కున్నంకుళం చుట్టుపక్కల ఇలాంటి గుహ సమాధులు ఉన్నాయని అంతకుముందే చదివి ఉన్నాను: చొవ్వన్నూర్, కక్కాడ్, కాటకాంపాల్, ఎయ్యాల్, కండనస్సేరి. ఆటో మాట్లాడుకుని వెళ్దామని లేచాను. గురుస్వామికి చెప్పకుండా వెళ్ళడం మర్యాద కాదు కాబట్టి చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. "మాలలో ఉండి సమాధి చూడ్డమేంటి స్వామీ?" అన్నారు. నిజమే, దీక్షలో శవం ఎదురైతేనే స్నానం చేస్తాం. అక్కడ చర్చ మొదలైంది. రెండు వేల ఏళ్ళు దాటిన చావుకి మైల ఉంటుందా అని ఒకరు, ఎన్నేళ్ళయితే మాత్రం సమాధి సమాధే కదా అని ఇంకొకరు. పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. చివరికి గురుస్వామే తీర్పు చెప్పారు: చూడొచ్చు, గడప దాటకూడదు, వచ్చాక తలస్నానం చేసి బస్సెక్కాలి.

అందుకని నేను చెప్పేది గడప బయటి నుంచి చూసిన సంగతి. ముందు నేలలోకి దిగే మెట్లు ఉంటాయి. మెట్లు కూడా కట్టినవి కావు, అదే రాయిలో చెక్కినవి. దిగితే పైన కప్పు లేని చిన్న వాకిలి. ఆ వాకిలి గోడలో ద్వారం. ద్వారం అంటున్నాను గానీ మూరెడు బొక్క అది. మామూలు మనిషి పాకుతూ తప్ప దూరలేడు. ఒకప్పుడు దానికి రాతి పలక అడ్డుపెట్టి మూసేవారు. ఫోన్ లైటు వేసి లోపలికి చూస్తే గుండ్రటి గది, పైన గుమ్మటంలా వంపు తిరిగిన కప్పు, గోడ వెంట అరుగు. మన ఊళ్ళలో ఇంటి ముందు అరుగు ఎలా ఉంటుందో అలాగే ఉంది. కొన్ని గుహల్లో గది మధ్యలో స్తంభం వదులుతారు, కొన్నింటికి కప్పు నడినెత్తిన గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఇవన్నీ ఇనప పనిముట్లతో పైనుంచి తొలుచుకుంటూ వచ్చి చేసినవి. ఒక దెబ్బ తప్పుగా పడితే అతికించడానికి ఏమీ ఉండదు.

ఇది కేరళలోనే ఎందుకు, మన దగ్గర ఎందుకు లేదు? బాబు ప్రాజెక్టులో అసలు రాయాల్సింది ఇదే అని నా అభిప్రాయం. కారణం ఆ రాయి. దాన్ని లాటరైట్ అంటారు. ఇనుము ఎక్కువగా ఉండే ఎర్రటి రాయి, ఒళ్ళంతా చిల్లులు. నేలలో తడిగా ఉన్నంతకాలం మెత్తగా ఉంటుంది, గొడ్డలి లాంటి పనిముట్టుతో దిమ్మెలుగా కోసేస్తారు. బయటికి తీసి గాలి తగిలాక గట్టిపడుతుంది. ఇప్పటికీ అక్కడ ఇళ్ళు ఆ దిమ్మెలతోనే కడతారు, వెట్టుకల్లు అంటారు, అంటే కోసిన రాయి. ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఆయన మలబారులో తిరుగుతూ ఇది చూసి, 1807లో అచ్చయిన పుస్తకంలో దానికి లాటరైట్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఇటుక అనే మాట నుంచి తీసుకున్నాడు. గది చెక్కేటప్పుడు మెత్తన, చెక్కిన తర్వాత గట్టి. సమాధికి ఇంతకంటే అనువైన రాయి ఎక్కడ దొరుకుతుంది?

మన వైపు రాళ్ళు అలా లొంగవు. తెలంగాణ, రాయలసీమల్లో నల్లరాయి పలకలు పలకలుగా లేస్తుంది. అక్కడివాళ్ళు ఆ పలకల్ని నేలలో పెట్టెలా నిలబెట్టి, పైన మూతరాయి పెట్టి, చుట్టూ గుండ్రంగా బండరాళ్ళు పేర్చారు. వీటినే మనవాళ్ళు రాకాసి గుళ్ళు అంటారు, పాండవుల గుళ్ళు అని కూడా అంటారు. అంత పెద్ద రాయి మామూలు మనిషి ఎత్తలేడు, ఎత్తితే రాక్షసుడో భీముడో ఎత్తాలి అని మన లెక్క. పుస్తకాల్లో బృహత్ శిలా సమాధులు అని ఉంటుంది. రాయి తీరు వేరు గానీ ఆలోచన ఒకటే: చనిపోయినవాడికి ఒక గది, ఆ గదిలో కుండలు, ఇనప సామాను, పైన గుర్తు. గురువాయూర్ పక్కన అరియన్నూర్‌లో ఆ గుర్తు గొడుగు ఆకారంలో ఉంటుంది. కింద నాలుగు దిమ్మెలు, పైన గుండ్రటి గొడుగు రాయి. కుడక్కల్లు అంటారు. కుడ అంటే మలయాళంలో గొడుగు. గుట్ట మీద అవి చూస్తే ఎండలో తాటాకు గొడుగులు పెట్టుకుని ముసలివాళ్ళు కూర్చున్నట్టే ఉంటుంది.

ఇంకో తేడా. కేరళ గుహల్లో ఎముకలు పెద్దగా దొరకవు. ఆ ఎర్రమట్టిలో పులుపు ఎక్కువ, పైగా ఆ వానలు. ఎముక కరిగిపోతుంది. కుండలు, తుప్పు పట్టిన కత్తులు మిగులుతాయి. సున్నం ఉన్న నేలలో ఎముక ఎక్కువ కాలం నిలుస్తుంది, మన పల్నాడు నేల అలాంటిది. మరో సంగతి, చాలాచోట్ల దొరికినవి పూర్తి అస్థిపంజరాలు కావు. శవాన్ని ముందు ఎక్కడో ఉంచి, తర్వాత కొన్ని ఎముకలు ఏరి తెచ్చి సమాధిలో పెట్టేవారు. ఒక్కో సమాధిలో ఇద్దరు ముగ్గురివి కలిసి ఉంటాయి. మనం అస్థికలు ఏరి కుండలో పెట్టుకుని కృష్ణలో కలపడానికి వెళ్తామే, అది గుర్తొచ్చింది నాకు. రెండూ ఒకటే అని చెప్పట్లేదు, గుర్తొచ్చిందంతే.

ఇక మీ ప్రశ్నలో రెండో సగం, వాళ్ళ ఊళ్ళు. నాకు సమాధుల కన్నా ఇదే ఆసక్తి. కేరళలో ఇదొక చిక్కుముడి. సమాధులు గుట్టలు గుట్టలుగా దొరికాయి గానీ అవి తొలిచినవాళ్ళు కాపురం ఉన్న చోట్లు బయటపడింది చాలా తక్కువ. ఇల్లు చెక్క, ఆకు, మట్టి. ఆ వానలకి ఏం మిగులుతుంది? బతికినన్నాళ్ళూ ఆకుల ఇంట్లో ఉండి, పోయాక ఉండటానికి రాయి తొలిచారు.

మన దగ్గర ఊరి జాడ బాగానే దొరికింది. అందుకే ఒక్క రోజు ప్రయాణం అంటే నేను నాగార్జునకొండ అంటాను. అది బౌద్ధ క్షేత్రం కదా అంటారు. అవును, 1926లో బయటపడినప్పటి నుంచి అందరూ అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల గురించి, స్తూపాల గురించే మాట్లాడారు. నాగార్జునసాగర్ డ్యామ్ కడితే లోయంతా మునుగుతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో కేంద్ర పురావస్తు శాఖ లోయను జల్లెడ పట్టినట్టు తవ్వింది. అప్పుడు తేలింది, ఇక్ష్వాకులు అక్కడికి నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళని. వాళ్ళ కింద బృహత్ శిలాయుగం, దాని కింద కొత్త రాతియుగం, ఇంకా కింద పాత రాతి పనిముట్లు.

ఆ కొత్త రాతియుగం వాళ్ళ ఇళ్ళు మనం అనుకునేలాంటివి కావు. నేలలో గుంత తవ్వుకుని, అంచుల వెంట గుంజలు పాతి, పైన కప్పు వేసుకునేవారు. గుంజలు ఎప్పుడో కుళ్ళిపోయాయి. అవి పాతిన రంధ్రాల్లో మట్టి రంగు మాత్రం వేరుగా మిగిలింది. తవ్వేవాళ్ళు ఆ రంగు తేడా పట్టుకుని ఇంటి ఆకారం గీస్తారు. పెద్దవాళ్ళు పోతే నేలలో పొడుగ్గా పడుకోబెట్టి పూడ్చేవారు. పసిపిల్లలు పోతే కుండలో పెట్టి పూడ్చేవారు. దక్షిణాదిలో ఆ కాలపు చాలా ఊళ్ళలో ఈ పిల్లల కుండలు ఇంటి నేల కిందే దొరికాయి. అంటే ఆ తల్లి వంట చేసుకునేదీ, పడుకునేదీ ఆ కుండ మీదే. తర్వాత ఇనుము వచ్చిన కాలానికి వచ్చేసరికి చనిపోయినవాళ్ళ చోటు ఇంటి నుంచి విడిపోయింది. ఊరి బయట విడిగా శ్మశానం, బండరాళ్ళ వలయాలు. ఈ మార్పు ఎందుకు వచ్చిందో బాబుని వాడి మాటల్లో రాయమనండి. టీచరు ఎవరైనా సరే అక్కడ ఒక టిక్కు ఎక్కువ పెడతారు.

కొండ మీద, అంటే ఇప్పుడు ద్వీపంగా మారినచోట, మ్యూజియం ఉంది. లోయలోంచి రాళ్ళకు నంబర్లు వేసి పైకి తెచ్చి మళ్ళీ కట్టిన కట్టడాలు కూడా అక్కడే. వాటిలో ఒక బృహత్ శిలా సమాధి ఉంది. జనం దాని ముందు ఆగరు. నేను వెళ్ళిన రోజు ఒక కుటుంబం దాని పక్కనే పులిహోర పొట్లాలు విప్పుకుని కూర్చుంది, అది ఏమిటో వాళ్ళకి తెలీదు. నాకు అనిపించింది వేరే: చచ్చినవాళ్ళ ఇల్లు కొండెక్కింది, బతికినవాళ్ళ ఇళ్ళు నీళ్ళ కిందే ఉండిపోయాయి. లాంచీలో వెళ్తున్నప్పుడు మీరు ఆ గుంత ఇళ్ళ మీదుగానే వెళ్తారు. మొన్నమొన్నటి దాకా ఆ లోయలో కాపురమున్న మనవాళ్ళ ఊళ్ళు కూడా అక్కడే ఉన్నాయి, ఆ మాటా బాబుకి చెప్పండి.

దీని మీద నాకు ఇంత పట్టు ఎందుకంటే ఒక పాత తప్పు ఉంది. మా మేనమామ గారిది మాచర్ల వైపు పల్లె. వాళ్ళ చేనుకి ఒక మూల గుండ్రంగా రాళ్ళు ఉండేవి. రాకాసి గుళ్ళు, అటు పోవద్దు అనేది అమ్మమ్మ. నేను ఆరో తరగతిలో ఉండగా మిరప వేద్దామని ఆ మూల కూడా దున్నించారు. రాళ్ళు ట్రాక్టరుతో లాగి గట్టుకి పేర్చారు. కింద నుంచి కుండ పెంకులు, కొన్ని ఎముక ముక్కలు, చెయ్యంత పొడుగున్న తుప్పు ముక్క వచ్చాయి. ఎముకలు చూసి అమ్మమ్మ పసుపు నీళ్ళు చల్లించింది. తుప్పు ముక్క ఎవరో పాత ఇనుముకి వేసేశారు. పెంకులు మాకు దొరికాయి. వాటిలో ఒకటి అరచేతిలో పట్టేంత, నున్నగా మెరుస్తూ, ఒక పక్క నలుపు, ఇంకో పక్క ఎరుపు. మా అక్క దాని అంచులు అరగదీసి తొక్కుడుబిళ్ళకి బిళ్ళ చేసుకుంది. ఆ సెలవులంతా దానితోనే ఆడింది. ఎక్కడ వేస్తే అక్కడ ఆగేదట, జారేది కాదట.

చాలా ఏళ్ళ తర్వాత ఒక మ్యూజియంలో అద్దం వెనక అదే నలుపు, అదే ఎరుపు ఉన్న కుండ చూసి నిలబడిపోయాను. ఆ కాలపు సమాధుల్లో ఎక్కువగా దొరికే కుండ అది. బోర్లించి కాల్చడం వల్ల ఆ రంగులు వస్తాయంటారు. నేలకి ఆనిన మూతి దగ్గరా, లోపలి కడుపులోనూ గాలి ఆడక నల్లబడుతుంది, పైకి ఉన్న అడుగు భాగానికి గాలి తగిలి ఎర్రబడుతుంది. రంగు పూసింది కాదు, కాల్చిన తీరు. చేనులో ఇంకేం ఉండేదో ఇక ఎవరికీ తెలియదు. మామయ్యని తిట్టడానికి కూడా లేదు, ఆయనకి చెప్పినవాళ్ళు ఎవరు?

అందుకని మీ చుట్టాల పొలాల్లో అలాంటి రాళ్ళ వలయం ఉంటే దయచేసి కదపనివ్వకండి, మీరూ తవ్వకండి. ఎమ్మార్వో ఆఫీసులోనో, పురావస్తు శాఖ వాళ్ళకో ఒక కాగితం రాసివ్వండి. నేలలో దొరికిన పాత వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం చెబుతోంది. లంకెబిందెల కోసం రాత్రిపూట తవ్వేవాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ సమాధుల్లో సాధారణంగా దొరికేది కుండ, తుప్పు, ఎముక. దానికోసం కోడిని కోసి, నిమ్మకాయలు పెట్టి, చివరికి కుండ పగలగొట్టి పోతారు.

దూరం వద్దనుకుంటే అమరావతి ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వినప్పుడు స్తూపం పక్కనే, స్తూపం కన్నా పాతవైన కుండ సమాధులు బయటపడ్డాయి. అంటే స్తూపం కట్టకముందే అది చనిపోయినవాళ్ళ చోటు. ఇప్పుడు వెళ్తే ఆ కుండల జాడ నేల మీద కనిపించదు, స్తూపం దిబ్బ చూసి ఊహించుకోవాలి. పిల్లలకి అది కొంచెం బోరు. విజయవాడలో బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం, అదే పాత విక్టోరియా జూబిలీ మ్యూజియం, రాతి పనిముట్లు చూడటానికి బాగుంటుంది. ముందు అక్కడికి ఒక గంట తీసుకెళ్ళి, తర్వాత కొండకి వెళ్తే బాబుకి ఎక్కువ అర్థమవుతుంది.

ప్రయాణం సంగతి. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల, అక్కడి నుంచి విజయపురి సౌత్. లాంచీ అక్కడే ఎక్కాలి. తెల్లారి ఐదింటికల్లా బయల్దేరండి. నేను మొదటిసారి పదకొండు దాటాక వెళ్తే, సరిపడా జనం లేరని రెండు గంటలు కూర్చోబెట్టి చివరికి లాంచీ తియ్యలేదు. అడిగితే "గాలి ఎక్కువుంది" అన్నారు, చెట్టు మీద ఆకు కదలట్లేదు. ముందురోజు ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ద్వీపంలో తిరిగి లాంచీ ఎక్కడానికి ఇచ్చే టైము తక్కువ, దిగగానే అందరూ మ్యూజియంలోకి పరిగెడతారు. మీరు ముందు బయట ఉన్న సమాధి దగ్గరికి వెళ్ళండి, ఖాళీగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. మంచినీళ్ళు, టోపీ మర్చిపోకండి.